ఏడాది ఎమ్మెస్సా, రెండేళ్ల ఎమ్మెస్సా? అమెరికా, బ్రిటన్, ఐర్లండ్‌లలో ఏది మేలు

బీటెక్ చివరి ఏడాదిలో పిల్లలున్న ఇళ్లలో ఈ లెక్క ఏదో ఒక రాత్రి భోజనాల దగ్గర తేలాల్సిందే. అమెరికా అంటే రెండేళ్లు, ఖర్చు ఎక్కువ. బ్రిటన్, ఐర్లండ్ అంటే ఏడాదిలో పట్టా, ఖర్చు సగం. కన్సల్టెన్సీ వాళ్లు కాగితం మీద రెండు అంకెలు వేసి చూపిస్తారు. తండ్రి చూపు చిన్న అంకె మీద, పిల్లల చూపు పెద్ద అంకె మీద. ఆ కాగితం మీద వేయని అంకె ఇంకొకటి ఉంది. చదువు సాగుతుండగా ఉద్యోగాల వేటకు ఎన్ని సెప్టెంబర్లు దొరుకుతాయి? అమెరికాలో రెండు, బ్రిటన్, ఐర్లండ్‌లలో ఒకటి. నన్నడిగితే ముందు చూడాల్సింది ఇదే, ఫీజు ఆ తర్వాత.

అమెరికాలో ఫాల్ (శరదృతువు) సెమిస్టర్‌కు ఆగస్టులో దిగుతారు. సెప్టెంబరు వచ్చేసరికి క్యాంపస్‌లో కెరీర్ ఫెయిర్ ఉంటుంది. కొత్తగా వచ్చినవాడు అందులో తడబడతాడు, రెజ్యూమె పట్టుకుని వరసలో నిలబడి రెండు నిమిషాలు మాట్లాడి వస్తాడు, పిలుపు రాదు. అయినా కొంపలేమీ మునగవు. రెండు సెమిస్టర్లు పూర్తయ్యాక వేసవిలో సీపీటీ (చదువులో భాగంగా కంపెనీలో పనిచేయడానికి ఇచ్చే అనుమతి) మీద ఇంటర్న్‌షిప్ చేయవచ్చు, దానికి జనవరి నుంచి ఏప్రిల్ దాకా కూడా ప్రయత్నించవచ్చు. అదీ దొరకకపోతే రెండో సెప్టెంబరు ఉంది. అప్పటికి అక్కడి యాస చెవికి పట్టుబడుతుంది, ప్రొఫెసర్ పేరు పెట్టి పలకరిస్తాడు, రెజ్యూమెలో అక్కడ చేసిన ప్రాజెక్టు ఒకటి ఉంటుంది.

బ్రిటన్, ఐర్లండ్‌లకు వెళ్లేవాళ్లు సెప్టెంబరులోనే దిగుతారు. పెద్ద కంపెనీలు మరుసటి ఏడాది చేర్చుకునే గ్రాడ్యుయేట్ల కోసం దరఖాస్తులు పిలిచేది కూడా అప్పుడే. చాలావాటికి గడువు అక్టోబరు, నవంబరులలోనే ముగుస్తుంది. డబ్లిన్‌లో దిగిన విద్యార్థి ఆ వారాల్లో ఏం చేస్తుంటాడు? పొద్దున క్లాసు. మధ్యాహ్నం గది చూడటానికి వెళ్తే అదే గది కోసం తనకంటే ముందు వచ్చినవాళ్లు గుమ్మం బయట దాకా నిలబడి ఉంటారు. చిరునామా రుజువు లేదని బ్యాంకు ఖాతా తెరవదు. ఇల్లు దొరకనిదే చిరునామా రుజువు రాదు. పార్ట్‌టైమ్ పనికి పీపీఎస్ నంబరు (మన ఆధార్, పాన్ లాంటిది) కావాలి, నివాస నమోదుకు 300 యూరోలు కట్టాలి. చూడని ఇంటికి అడ్వాన్స్ పంపి మోసపోయేవాళ్లూ ఆ రోజుల్లోనే ఎక్కువ. ఈ గొడవల మధ్య ఆన్‌లైన్ ఆప్టిట్యూడ్ పరీక్షలు, వీడియో ఇంటర్వ్యూలు ఉండే దరఖాస్తులకు ఎవరికి తీరిక ఉంటుంది? 'ముందు సెటిల్ అవుదాం, క్రిస్మస్ తర్వాత చూద్దాం' అనుకుంటారు. క్రిస్మస్ తర్వాత చూసేసరికి ఆ ఏడాది పెద్ద అవకాశాలన్నీ అయిపోయి ఉంటాయి. మళ్లీ సెప్టెంబరు వచ్చేసరికి చదువే అయిపోతుంది.

అందుకే ఏడాది కోర్సుకు వెళ్లేవాళ్లు ఉద్యోగ ప్రయత్నం హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండగానే, జూన్, జూలై నెలల్లోనే మొదలుపెట్టాలి. ఏ కంపెనీ దరఖాస్తులు ఎప్పుడు తెరుస్తుందో రాసిపెట్టుకుని, రెజ్యూమెను అక్కడి పద్ధతిలో తిరగరాసి, ఆప్టిట్యూడ్ పరీక్షలు సాధన చేసి విమానం ఎక్కాలి. పచ్చళ్లు, ప్రెషర్ కుక్కర్ సర్దడంలో పెట్టే శ్రద్ధలో సగం దీని మీద పెట్టినా చాలు.

ఇప్పుడు ఖర్చు. 'సగం' అన్న మాట పూర్తిగా నిజం కాదు. అమెరికాలో ఒక మాదిరి ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో రెండేళ్లకు ఫీజు, అద్దె, తిండి, బీమా కలిపి 40 నుంచి 60 లక్షల దాకా తేలుతుంది. బ్రిటన్‌లో లండన్ బయట ఏడాదికే 30 నుంచి 40 లక్షలు. ఐర్లండ్ కూడా అటూ ఇటూగా అంతే, డబ్లిన్ అద్దెలను బట్టి ఇంకా పైకే. పైగా బ్రిటన్ వీసాకు దరఖాస్తు చేసేటప్పుడే ఆరోగ్య సర్‌చార్జీ కట్టాలి. విద్యార్థులకు ఏడాదికి 776 పౌండ్లు. ఏడాది ఎమ్మెస్సీకి సాధారణంగా 16 నెలల వీసా ఇస్తారు కాబట్టి ఏడాదిన్నరకు లెక్కగట్టి 1,164 పౌండ్లు ముందే తీసుకుంటారు. ఫీజు కాక నెలకు లండన్‌లో 1,529 పౌండ్లు, బయట 1,171 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలల ఖర్చు ఖాతాలో 28 రోజులు కదలకుండా చూపించాలి. 2025 నవంబరులో పెంచిన అంకెలివి. ఐర్లండ్ అడిగేది ఏడాదికి 10,000 యూరోలు. చూపించడానికి సరిపోతుంది, డబ్లిన్‌లో బతకడానికి సరిపోదు.

అప్పు సంగతి కాగితం మీద వేసి చూడండి. 30 లక్షలు 11 శాతం వడ్డీకి తీసుకుంటే, చదువు సాగినన్నాళ్లు నెలకు వడ్డీయే 27,500. ఆ వడ్డీ ఎప్పటికప్పుడు కట్టుకుంటూ వచ్చినా, తర్వాత పదేళ్లపాటు కిస్తీ నెలకు 41 వేల పైచిలుకు. ప్రభుత్వ బ్యాంకులు మామూలుగా చదువు కాలానికి మరో ఏడాది కలిపి గడువిస్తాయి. అంటే ఏడాది కోర్సు చేసినవాడికి రెండేళ్లకే కిస్తీ మొదలు, రెండేళ్ల కోర్సు చేసినవాడికి మూడేళ్లకు. ఈ కిస్తీని ఇక్కడి జీతంతో కట్టాల్సి వస్తే ఇల్లు గడవడం కష్టం. అక్కడి జీతంతో అయితే పెద్ద బరువు కాదు. కాబట్టి ఎంత ఖర్చన్నదానికంటే, పట్టా వచ్చాక అక్కడ ఉండి సంపాదించుకోవడానికి ఎంత కాలం ఇస్తారన్నదే ముఖ్యం.

ఆ కాలం విషయంలో అమెరికాది ఇప్పటికీ పైచేయి. పట్టా వచ్చాక పనిచేయడానికి ఇచ్చే అనుమతి, ఓపీటీ, 12 నెలలు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సు అయితే మరో 24 నెలలు, మొత్తం మూడేళ్లు. మొదటి ఏడాదిలో 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదన్న నిబంధన మాత్రం గట్టిది. ఆ తర్వాత ఉద్యోగ వీసా అయిన హెచ్-1బీ కోసం లాటరీ. ఏడాదికి 85,000 వీసాలు, అందులో 20,000 అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు. మూడేళ్ల ఓపీటీలో సాధారణంగా మూడుసార్లు చీటీ వేయించుకోవచ్చు. అయితే 2026 నుంచి ఆ చీటీలు అందరికీ సమానం కావు. జీతం స్థాయి ఎంత పైనుంటే పేరు అన్నిసార్లు లెక్కలోకి వస్తుంది, కొత్తగా చేరినవాడికి ఒకటో రెండో మాత్రమే. 2025 సెప్టెంబరులో ప్రకటించిన లక్ష డాలర్ల హెచ్-1బీ ఫీజు, అమెరికాలోనే ఉంటూ విద్యార్థి హోదా నుంచి మారేవాళ్లకు వర్తించదని అక్కడి ఇమిగ్రేషన్ శాఖ తర్వాత స్పష్టం చేసింది. అంటే పట్టా అందగానే తిరిగొచ్చి ఇక్కడినుంచి ప్రయత్నిద్దాం అనుకునేవాడికే దెబ్బ. ఇవన్నీ గట్టెక్కినా గ్రీన్ కార్డు వరస భారతీయులకు దశాబ్దాల పొడుగు. అది చదువుకు వెళ్లేటప్పుడు తేల్చుకునే సంగతి కాదు, తెలిసి వెళ్తే చాలు.

చదువయ్యాక అక్కడే ఉండి పనిచేసుకోనిచ్చే బ్రిటన్ వీసా, గ్రాడ్యుయేట్ రూట్, 2021 జూలైలో రెండేళ్ల గడువుతో మొదలైంది. 2027 జనవరి 1 తర్వాత దరఖాస్తు చేసే మాస్టర్స్ విద్యార్థులకు దాన్ని 18 నెలలకు కుదిస్తున్నారు. 2026 సెప్టెంబరులో చేరేవాడు 2027 సెప్టెంబరులో కోర్సు ముగిస్తాడు. అంటే అతనికి దక్కేది ఏడాదిన్నరే. 'రెండేళ్లు ఉండొచ్చు' అని ఇంకా చెబుతున్న కన్సల్టెన్సీ ఉంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి. ఆ లోపు కంపెనీ స్పాన్సర్ చేసే స్కిల్డ్ వర్కర్ వీసాకు మారాలంటే 2025 జూలై నుంచి మామూలుగా ఏడాదికి కనీస జీతం పరిమితి 41,700 పౌండ్లు, కొత్తగా చేరేవాళ్లకు 33,400. లండన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి ఇది అందుతుంది. ఉత్తరాన చిన్న ఊళ్లలో మార్కెటింగ్, మానవ వనరుల కొలువులకు అందడం కష్టం. పెళ్లయినవాళ్లకు ఇంకో మాట: తరగతి చదువుల మాస్టర్స్‌కు వెళ్లేవాళ్లు జీవిత భాగస్వామిని తీసుకెళ్లే వీలు 2024 జనవరి నుంచి లేదు.

ఐర్లండ్ గురించి మనవాళ్లలో మాట తక్కువ, నిజానికి మూడింట్లో నిబంధనలు సూటిగా ఉన్నది అక్కడే. మాస్టర్స్ తర్వాత 24 నెలలు ఉండవచ్చు. సాఫ్ట్‌వేర్ డెవలపర్లు, ఇంజినీర్లలో చాలా రకాలు క్రిటికల్ స్కిల్స్ (కొరత ఉన్న నైపుణ్యాల) జాబితాలో ఉన్నాయి. ఆ పర్మిట్ మీద దాదాపు రెండేళ్లు పనిచేస్తే స్టాంప్ 4 అనే నివాస హోదా వస్తుంది, ఇక ఏ కంపెనీలోనైనా ప్రత్యేక పర్మిట్ లేకుండా పనిచేసుకోవచ్చు. లాటరీ లేదు, చీటీ లేదు. లోపమల్లా దేశం చిన్నది కావడం. అక్కడి ఐటీ ఉద్యోగాలు ఎక్కువగా అమెరికా కంపెనీల యూరప్ కార్యాలయాల్లో ఉన్నాయి, వాటికి అమెరికాలో జలుబు చేస్తే ఐర్లండ్‌లో తుమ్ములే. అనుభవం లేనివాడికి చోటు తక్కువ, రెండు మూడేళ్లు టెస్టింగ్‌లోనో డేటాలోనో పనిచేసి వెళ్లినవాడికి చోటు ఎక్కువ.

పార్ట్‌టైమ్ గురించి మూడు దేశాలకూ ఒకే పిచ్చి ఆశ ఉంది, ఫీజు అందులో వస్తుందని. రాదు. బ్రిటన్‌లో వారానికి 20 గంటలు, 2025 ఏప్రిల్ నాటి కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లతో వారానికి 244 పౌండ్లు. లండన్ బయట అద్దె, తిండి గడుస్తాయి, అంతే. ఐర్లండ్‌లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా 40 గంటలు చేయవచ్చు, కాస్త ఊపిరి ఆడుతుంది. అమెరికాలో సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్ లోపలే, 20 గంటలే. బయట పెట్రోలు బంకులో చేతికి డబ్బు తీసుకుని పనిచేస్తూ పట్టుబడితే వీసా హోదాకే చేటు.

కెనడా, ఆస్ట్రేలియాల మాట క్లుప్తంగా. కెనడాలో మాస్టర్స్‌కు మూడేళ్ల వర్క్ పర్మిట్ ఉంది కానీ 2024 నుంచి నిబంధనలు తరచూ మారుతున్నాయి, కొంత కాలం ఆగి చూడటం మంచిది. ఆస్ట్రేలియా వీసా దరఖాస్తుకే 2,000 ఆస్ట్రేలియా డాలర్లు, తిరస్కరిస్తే తిరిగి రావు.

ఇక నా తీర్పు. కంప్యూటర్ సైన్స్‌లోనో ఎలక్ట్రానిక్స్‌లోనో బీటెక్ చేసి, అనుభవం లేకుండా నేరుగా వెళ్లేవాడికి అమెరికాలో ఒక మంచి ప్రభుత్వ విశ్వవిద్యాలయమే మేలు, రాజకీయాలు ఎలా ఉన్నా. రెండో సెప్టెంబరు అతనికి అవసరం. 'మంచి' అన్న మాటను వదిలేయకండి. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయం మూతపడ్డప్పుడు మన పిల్లల కాళ్లకు నిఘా పట్టీలు వేశారు. 2019లో మిషిగన్‌లో బయటపడ్డ ఫార్మింగ్టన్ అయితే వీసా మోసాలను పట్టుకోవడానికి అధికారులే నడిపిన నకిలీ విశ్వవిద్యాలయం. క్లాసులు లేకుండా పని అనుమతి ఇస్తామన్న చోటికి చవకని వెళ్లకూడదు.

రెండు మూడేళ్లు ఉద్యోగం చేసి, ఏ పనికి వెళ్తున్నారో తెలిసినవాళ్లకు ఐర్లండ్. బీఎస్సీ, బీకాం లాంటి మూడేళ్ల డిగ్రీవాళ్లకు కూడా బ్రిటన్, ఐర్లండ్‌లే సులువు. అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు నాలుగేళ్ల డిగ్రీ అడుగుతాయి. బ్రిటన్‌ను నేను పేరున్న విశ్వవిద్యాలయంలో సీటు వస్తేనే సిఫారసు చేస్తాను. బ్యాక్‌లాగులున్నా చేర్చుకునే చోటు దొరికింది కదా అని వెళ్తే ఏడాదిన్నరలో జీతం పరిమితి అందుకోవడం కష్టం. కన్సల్టెన్సీలు అలాంటి చోట్లనే ఎందుకు ముందు చూపిస్తాయంటే, అవి ఒక్కో విద్యార్థికి ఇంతని కమిషన్ ఇస్తాయి.

బ్రిటనే అని నిర్ణయమైతే జనవరి ఇన్‌టేక్‌ను (జనవరిలో మొదలయ్యే కోర్సులను) తీసిపారేయకండి. సెప్టెంబరులో సీటు రానివాళ్లు చేరేదని దానికి చిన్నచూపు ఉంది. కోర్సులు తక్కువ, నిజమే. అయితే జనవరిలో చేరినవాడికి సెప్టెంబరు వచ్చేసరికి ఇల్లు, బ్యాంకు ఖాతా కుదిరిపోయి ఉంటాయి, ఊరు అలవాటై ఉంటుంది, ఎనిమిది నెలల చదువు చేతిలో ఉంటుంది, కోర్సు ఇంకా ముగిసి ఉండదు.