మిషన్ ట్రిప్పులో అనాథాశ్రమ పరిచర్య అంటున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

రాయాలా వద్దా అని వారం నుంచి ఊగిసలాడుతున్నాను. నిన్న వాట్సాప్‌లో, మమ్మల్ని మిషన్ ట్రిప్పుకి తీసుకెళ్లినవాళ్ల కొత్త పోస్టర్ చూశాక ఇంక ఆగలేకపోయాను. పోస్టర్ మీద మా పాప. దాని ఒళ్లో తల పెట్టుకుని ఓ చిన్నపిల్ల. "వచ్చే బ్యాచ్‌కి కొన్ని సీట్లే ఉన్నాయి" అట. ఫొటో వాడుకుంటామని మమ్మల్ని అడిగిన పాపాన పోలేదు.

ఎవరి సంగతో మీలో చాలామందికి ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. కంబోడియా, పది రోజులు, పిల్లాపాపలతో కుటుంబమంతా పరిచర్య. పేరు రాయను. రాస్తే సేవకుల మీద నిందలంటారు, అదో గొడవ. సంఘంలో, దిక్కులేనివాళ్లని ఆదుకోమనే బైబిల్ వాక్యం యాకోబు పత్రిక 1:27 చదివి దిక్కులేని పిల్లల వీడియో వేశారు. నేను ఏడ్చాను, మా ఆయన ఫారం నింపారు. రెండేళ్లుగా దాచుకున్నది ఊడ్చి కట్టేశాం. నా స్నేహితురాలు ఒకామె "అక్కడి ఆశ్రమాల గురించి ఏదో చదివానే, ఒకసారి కనుక్కో" అంది. మంచి పని కనపడితే చాలు, వంక పెట్టందే నీకు నిద్రపట్టదా అని దానికే క్లాసు పీకాను. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

వెళ్లేముందు టీషర్టు సైజులు మూడుసార్లు అడిగారు. పోలీస్ వెరిఫికేషన్ ఒక్కసారి కూడా అడగలేదు. చిన్నపిల్లల మధ్య పది రోజులు తిరగబోయే మేం ఎలాంటివాళ్లమో ఎవరికీ అక్కర్లేకపోయింది. అక్కడైనా బుర్ర వెలగాలి. వెలగలేదు సరికదా, "మన మీద ఎంత నమ్మకమో" అని మురిసిపోయాను.

సియెం రీప్‌లో దిగాం. అంగ్‌కోర్ వాట్‌కి వచ్చే టూరిస్టులంతా దిగే ఊరు. మొదటిరోజు మా పాప ఇంటిదగ్గర మూడు వారాలు ప్రాక్టీస్ చేసిన యాక్షన్ సాంగ్ నేర్పుతానని నిలబడింది. రెండో లైనుకల్లా పిల్లలందరూ అందుకుని, దానికంటే బాగా, చేతులూపుతూ పాడేశారు. దాని మొహం వాడిపోయింది. మాకు ముందు ఎన్ని టీములు వచ్చి ఆ పాటే నేర్పి వెళ్లాయో!

రెండోరోజు భోజనాల గదికి రంగెయ్యాలన్నారు. మా బాబు పాత రంగు గీకుతుంటే పసుపు కింద నీలం, నీలం కింద గులాబీ, దాని కింద మళ్లీ పసుపు. "అమ్మా, ఆరు పొరలున్నాయి" అన్నాడు. గోడకేం జబ్బు లేదు. ఆ గోడ వెనకే బాత్రూమ్‌లో కుళాయి విరిగి, నీళ్లు బకెట్లతో మోసుకుంటున్నారు పిల్లలు. కుళాయి దగ్గర నిలబడితే ఫొటో బాగా రాదు కదా.

ఇక నాలుగోరోజు. ఈ పోస్టు రాయడానికి అసలు కారణం అదే.

ఆరేడేళ్ల పిల్ల ఒకతి వచ్చినరోజే మా పాపకి అతుక్కుపోయింది. ఎంత ప్రేమో అనుకున్నాం. ముక్కూమొహం తెలియని మనిషి ఒళ్లో అలా వాలిపోవడం ప్రేమ కాదని, పెంచే చేతులు మాటిమాటికీ మారిపోయే పిల్లల్లో అది కనిపిస్తుందని తర్వాత తెలిసింది. ఆ మధ్యాహ్నం మా పాప దానికి జడ వేస్తోంది. గేటు దగ్గర ఎవరో ఒకామె, చేతిలో ప్లాస్టిక్ సంచి. పిల్ల తలెత్తి చూసింది. సగం జడతోనే "మాక్! మాక్!" అంటూ పరుగు. మాకు ముందే ఇచ్చిన ఖ్మేర్ (అక్కడి భాష) మాటల కాగితంలో ఉంది ఆ మాట. మాక్ అంటే అమ్మ.

ఆమె సంచిలోంచి రబ్బరు చెప్పులు తీసి, కింద కూర్చుని, పిల్ల కాళ్లకి తొడిగింది. కొలిచినట్టు సరిపోయాయి. ఓ రెండు నిమిషాలు. లోపల్నుంచి ఒకతను వచ్చి ఏదో అన్నాడు. ఆమె మారుమాట్లాడకుండా లేచి వెళ్లిపోయింది. మా పాప చేతిలో రబ్బరు బ్యాండు అలాగే ఉంది. "అమ్మా, వాళ్లమ్మ ఉందిగా" అంది.

కోఆర్డినేటర్ బ్రదర్‌ని అడిగాను. మొదట వంటామె అన్నాడు. మాక్ అంటోంది కదా అంటే, పెద్దవాళ్లందర్నీ అలాగే పిలుస్తారన్నాడు. నేను వదల్లేదు. అప్పుడు అసలు మాట బయటికొచ్చింది.

"అమ్మ ఉంటే ఏంటి సిస్టర్? చదివించే స్తోమత ఉండాలి కదా. మీలాంటి టీములు వస్తేనే ఇది నడిచేది."

"మరి అనాథలని చెప్పారు మాకు?"

"అనాథాశ్రమం అన్నాం. అందరూ అనాథలే అని ఎవరన్నారు?" నవ్వాడు. నిజంగానే నవ్వాడు. "ప్రేమ పంచడానికి వచ్చారు, ఎంక్వైరీకి కాదు. మీ ఆత్మీయ స్థితి కోసం ప్రార్థన చేస్తాను."

నా ఆత్మీయ స్థితి! తల్లి బతికుండగా బిడ్డని అనాథ అని చూపించి మా దగ్గర కానుకలు పట్టిన మనిషి నా ఆత్మ గురించి బెంగపెట్టుకున్నాడు. ఎంత దయో.

మర్నాడు నన్ను పిల్లల దగ్గరికి కాకుండా స్టోర్ రూమ్ సర్దడానికి పంపారు. అక్కడ వేరే టీముల స్టిక్కర్లతో సీలు తీయని క్రేయాన్ల పెట్టెలు నడుమెత్తు పేర్చి ఉన్నాయి. మేం తెచ్చినవీ వాటి మీదే పెట్టాను. చివరి రెండు రోజులు సైట్ సీయింగ్. పరిచర్య సంపూర్ణం.

తిరిగొచ్చాక రాత్రుళ్లు కూర్చుని చదివాను. వెళ్లకముందు చెయ్యాల్సిన పని. ఆశ్రమంలో ఉంచడం ఆఖరి దారిగానే ఉండాలని, అదీ కొంతకాలమేనని కంబోడియా ప్రభుత్వం 2006లోనే విధానం పెట్టుకుంది. 2015లో యునిసెఫ్ సాయంతో లెక్క తీస్తే 406 ఆశ్రమాలు, వాటిలో 16,000 మందికి పైగా పిల్లలు. ఆ దేశంలో ఆశ్రమాల్లో ఉన్న ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. పేదరికం వల్ల, చదువు దొరుకుతుందన్న ఆశతో పంపుతారు. చూడ్డానికి వచ్చేవాళ్లు పెరిగేకొద్దీ చూపించడానికి పిల్లలు కావాలి, అందుకే ఊళ్ల మీద పడి పోగుచేసేవాళ్లు కూడా తయారయ్యారు. లాభం కోసం పిల్లల్ని ఇలా ఆశ్రమాలకి చేర్చడాన్ని 2018లో ఆస్ట్రేలియా ఆధునిక బానిసత్వం కింద గుర్తించింది. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ కూడా ఇలా ఆశ్రమాలు చూడ్డానికి వెళ్లే టూరిజం వల్ల పిల్లలకు జరిగే హాని గురించి తీర్మానం చేసింది. నేపాల్‌లోనూ ఇదే కథ. ఇదంతా ఫోన్‌లో పది నిమిషాల్లో దొరికేదే. మేం ఆ పది నిమిషాలూ సూట్‌కేసు తూకం వేసుకుంటూ గడిపాం.

మా నలుగురి విమాన టిక్కెట్ల డబ్బు ఆ తల్లి చేతిలో పడి ఉంటే ఆ పిల్ల ఎన్నేళ్లు సొంతింటి నుంచే బడికి వెళ్లేదో, లెక్కవేయడం మొదలుపెట్టి ఆపేశాను.

అన్నట్టు, ఆ పిల్ల పేరున ఏడాది స్పాన్సర్‌షిప్ కూడా ముందే కట్టాం. ఆ డబ్బు ఆమె ఇంటికి చేర్చమని, లేదంటే వెనక్కివ్వమని అడిగాను. "దేవునికిచ్చిన కానుక తిరిగి అడగకూడదు సిస్టర్" అని మెసేజ్. గంటలో గ్రూపులోంచి తీసేశారు. మా ఆయన నంబరు మాత్రం ఉంచారు, ఆయన ఏమీ అడగలేదుగా.

వెళ్లాలనుకునేవాళ్లకి నేను చెప్పేది కొంచెమే. ఈ పిల్లల్లో తల్లిదండ్రులు ఉన్నవాళ్లెందరు, ఈ ఏడాది ఎందర్ని తిరిగి ఇంటికి చేర్చారు, ఈ రెండూ ముందే అడగండి. పోలీస్ కాగితం అడగకుండా పిల్లల దగ్గరికి రానిచ్చే చోటికి అసలు వెళ్లకండి. సాయం చెయ్యాలని ఉంటే పిల్లల్ని ఇంట్లోనే ఉంచి చదివించే పనికి ఇవ్వండి, మీ టిక్కెట్టు డబ్బు కలిపి.

ఆ పోస్టర్ మీకు వస్తే దయచేసి ఎవరికీ ఫార్వర్డ్ చెయ్యకండి. అందులో మా పాప ఒళ్లో పడుకున్న పిల్లకి అమ్మ ఉంది.