మొండి కుక్కకు బెదిరింపా, బహుమతా?

రాట్‌వైలర్, అకీటా లాంటి జాతుల కుక్కను తెచ్చుకున్నవాళ్లు తప్పకుండా వినే మాట ఒకటుంది: "నువ్వే లీడర్‌వని మొదటిరోజే దానికి తెలియాలి, లేకపోతే నెత్తికెక్కి కూర్చుంటుంది." అలా తెలియజెప్పడమంటే కుక్క కంటే ముందు మనం తినడం, గుమ్మం ముందు మనమే దాటడం, మాట వినకపోతే పట్టీ గుంజడం, ఎదురుతిరిగితే వెల్లకిలా పడేసి లొంగేదాకా నొక్కిపట్టడం. బహుమతి పద్ధతి ఇంకో దారి. కావలసిన పని చేసిన క్షణంలోనే కుక్కకు ఇష్టమైనది ఇస్తాం, వద్దన్న పనితో దానికి ఏమీ దక్కకుండా చూస్తాం. మెత్తటి కుక్కకు ఇది చాలు గానీ మొండిదానికి మొదటిదే మందు అని చాలామంది నమ్మకం. నా లెక్కలో మొదటి పద్ధతి అందరికంటే ఎక్కువ బెడిసికొట్టేది మొండి కుక్క దగ్గరే.

'ఆల్ఫా', అంటే గుంపులో మిగతావాటిని అణిచి ఏలే నాయకుడు అనే ఊహ, బందీ తోడేళ్ల నుంచి పుట్టింది. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జూలో తోడేళ్లను గమనించిన రుడాల్ఫ్ షెంకెల్ 1947లో వాటి ఆధిపత్య పోరును వర్ణించాడు. 1970లో పరిశోధకుడు డేవిడ్ మెక్ తోడేళ్ల మీద రాసిన పుస్తకంతో ఆ మాట జనంలోకి వెళ్లింది. తర్వాత కెనడా ఉత్తర కొసన ఉన్న ఎల్స్‌మియర్ దీవిలో స్వేచ్ఛగా తిరిగే తోడేళ్లను ఏళ్ల తరబడి చూసిన ఆ మెక్ తానే, గుంపంటే సాధారణంగా తల్లి, తండ్రి, పిల్లలున్న కుటుంబమని 1999లో రాశాడు. అడవి తోడేళ్లకే అతకని ఆ నమూనాను ఇంట్లో కుక్క మీద రుద్దడం నాకు ఎప్పుడూ అన్యాయంగానే అనిపిస్తుంది.

బెదిరింపు పనిచేసినట్టు కనిపిస్తుంది, కాదనను. గద్దించగానే కుక్క ఆగుతుంది. కానీ గుర్రుమన్నందుకు దెబ్బలు తిన్న కుక్క గుర్రుమనడం మానేస్తుందే తప్ప, దాని భయమో కోపమో ఎక్కడికీ పోదు. హెచ్చరిక పోయి కాటు మాత్రం మిగులుతుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో, ప్రవర్తన సమస్యలతో కుక్కలను తెచ్చిన 140 మంది యజమానుల అనుభవాలు ప్రచురించారు. కొట్టడమో తన్నడమో చేసినవాళ్లలో 43 శాతం మందికి, వెల్లకిలా పడేసి నొక్కినవాళ్లలో 31 శాతం మందికి కుక్క తిరగబడింది. అవి అప్పటికే తలనొప్పిగా మారిన కుక్కలు, అంటే ఈ పద్ధతి ఎవరికోసమని చెబుతారో సరిగ్గా అవే.

మరి ట్రీట్లు పెట్టినా వినడం లేదనేవాళ్ల సంగతి? వాళ్ల బాధ నిజమే. ఉడుతను చూసిన హస్కీకి బిస్కెట్ ముక్క ఏపాటి? అక్కడ లోపం పద్ధతిది కాదు, బేరానిది. ఆ కుక్కకు పరుగే బహుమతి. నా వైపు తిరిగి చూశావు కాబట్టి పద, పొడవాటి తాడుతో ఆ చెట్టుదాకా వెళ్లి వాసన చూద్దాం, అన్నట్టు నడపాలి. అదీ ఉడుత పక్కన కాదు, ఇంకా మన మాట దాని చెవికెక్కేంత దూరంలో మొదలుపెట్టాలి. ట్రీట్ ముందే చూపించి పిలిస్తే అది లంచం అవుతుంది, చేయి ఖాళీగా ఉన్నరోజు కుక్క రాదు. పని పూర్తయ్యాకే చేయి జేబులోకి వెళ్లాలి, అదీ ఆలస్యం లేకుండా.

బహుమతి పద్ధతిలో హద్దులుండవనుకోవడం కూడా పొరపాటే. సోఫా ఎక్కొద్దంటే ఆ గది తలుపు మూసెయ్యొచ్చు, మీదికి దూకితే వెనక్కి తిరిగి నిలబడొచ్చు. కుక్క దగ్గర ఏదైనా లాక్కోవాల్సి వస్తే అంతకంటే మంచిది ఇచ్చి మార్పిడి చేసుకోవచ్చు.

నిన్నటిదాకా బాగున్న కుక్క ఉన్నట్టుండి ఎదురుతిరిగితే మాత్రం ముందు పశువైద్యుడికి చూపించాలి. తుంటి నొప్పి, చెవిపోటు కూడా పైకి మొండితనంలాగే కనిపిస్తాయి. ఒకసారి కరిచిన కుక్కయితే ప్రవర్తన తెలిసిన వైద్యుడి సాయం తీసుకోవాలి, కరవకుండా మూతికి తొడిగే బుట్ట (మజిల్) అలవాటు చేయాలి. ఆ బుట్టలోనూ మొదట ఇష్టమైన ముక్క పెట్టి, మూతి అదే లోపలికి పెట్టేదాకా ఆగాలి.