పరవూరు సినగాగ్ మ్యూజియం: ఒక వడ్రంగి చూపు

కొచ్చి వెళ్ళినవాళ్ళు మట్టాంచేరిలో 1568 నాటి పరదేశి సినగాగ్ (యూదుల ప్రార్థన మందిరం) చూసి, గడియార స్తంభం దగ్గర ఫొటో దిగి వచ్చేస్తారు. అదీ చూడాల్సిందే. నీలం రంగు చైనా పలకల నేల, పైన వేలాడే గాజు దీపాలు బావుంటాయి. శనివారం మూసేస్తారు, గుర్తుంచుకోండి. కానీ తలుపులు, దూలాలు చేసి బతికే నాకు దానికన్నా ఉత్తర పరవూరులోని సినగాగే నచ్చింది.

1616లో తిరిగి కట్టిన ఈ సినగాగ్‌ను ముజిరిస్ అనే పాత రేవు పేరు మీద నడిచే వారసత్వ ప్రాజెక్టు కింద బాగుచేసి మ్యూజియంగా మార్చారు. ఇక్కడ అద్దాల బీరువాల కోసం వెతక్కండి, కట్టడాన్నే చూడండి. వీధి మీద ముఖద్వారం, అది దాటాక స్తంభాల మధ్య పొడవాటి నడవా, ముంగిలి, ఆ తర్వాతే ప్రార్థన మందిరం. పెంకుటి కప్పు, సున్నం గోడలు, బరువైన చెక్కపని. గుడులూ పెద్దిళ్ళూ కట్టిన కేరళ చేతులే ఇదీ కట్టాయని నా నమ్మకం.

మేడ మీది ఏర్పాటు దగ్గర చాలాసేపు ఆగిపోయాను. కేరళ సినగాగుల్లో తోరా, అంటే యూదుల పవిత్ర గ్రంథం, చదివే వేదికలు రెండుంటాయి. తేవా అంటారు. ఒకటి కింద హాలు మధ్యలో, రెండోది మేడ మీద. సబ్బాతు రోజున, అంటే యూదుల విశ్రాంతి దినమైన శనివారం, పండగలప్పుడు చదివేది పైదాని మీదే. దాని వెనక జాలీ అవతల ఆడవాళ్ళు కూర్చునేవారు. వాళ్ళు ఎక్కడానికి మెట్లు వేరే. అంటే తోరా చదివే గొంతు మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకే దగ్గరగా వినిపించి ఉంటుంది! అన్నట్టు, ఈ ఆడవాళ్ళు మలయాళంలో యూదు పాటలు పాడేవారు, నోటుపుస్తకాల్లో రాసి దాచుకునేవారు.

ఒక సంగతి తెలుసుకుని వెళ్ళండి. తోరా చుట్టలు పెట్టే మందసం, కింది తేవా ఇక్కడున్నవి నకళ్ళు. అసలువి ఇజ్రాయెల్ తరలిపోయాయి. 1948లో ఆ దేశం ఏర్పడ్డాక 1950ల్లో ఇక్కడి యూదుల్లో చాలామంది వెళ్ళిపోయారు. వాళ్ళ వస్తువులు వాళ్ళ దగ్గరికి చేరడం న్యాయమే. కాకపోతే, నకలు ఎంత బాగా చెక్కినా తరాల తరబడి అరచేతులు తగిలిన చెక్కకుండే నునుపు దానికి రాదు. వేలితో తడిమి చూసే అలవాటున్నవాడికి ఆ లోటు తెలిసిపోతుంది.

ఓపికుంటే దగ్గర్లోని చేందమంగలం కూడా కలుపుకోండి. అక్కడి సినగాగ్ కూడా మ్యూజియమే. మందసం ఎరుపు, బంగారు రంగుల్లో ధగధగలాడుతుంది. తల ఎత్తితే చెక్క కప్పు నిండా పద్మాలు. సినగాగ్ ముందు సారా అనే ఆమె సమాధి రాయి ఉంది. 1269 నాటిది, హీబ్రూ రాత. ఆ రాయిని పలకరించకుండా లోపలికి పోవద్దు.

చిన్న పిల్లలకు రెండుచోట్లా విసుగే, ముందే చెప్తున్నా. మా ఆవిడ మాత్రం సగం చూసి, చేనేత బట్టల కొట్టు ఎక్కడని అడగడం మొదలుపెట్టింది. చేందమంగలం వాటికీ పేరున్న ఊరే.