పన్నెండేళ్లు దాటిన డిజైర్ డీజిల్: ఉంచుకోవడమా, మార్చడమా?

ముందే చెప్పేస్తాను. మైలేజీ, డీజిల్ ఖర్చు చూసుకుంటే నా డిజైర్‌ని మార్చడానికి ఒక్క కారణమూ లేదు. అయినా మారుస్తున్నాను. ఎందుకో, దేనికి మారుస్తున్నానో రాస్తే, ఇలాంటి పాత డీజిల్ బండి ఇంటిముందు పెట్టుకుని ఎటూ తేల్చుకోలేకపోతున్నవాళ్లకి పనికొస్తుంది.

బండి 2013 స్విఫ్ట్ డిజైర్ వీడీఐ, ఏపీ 37 నంబరు. అప్పట్లో పెట్రోలుకీ డీజిల్‌కీ లీటరుకి పాతిక రూపాయలకి అటూఇటూగా తేడా ఉండేది. ఏలూరులో కారు కొన్నవాళ్లలో ఎక్కువమంది డీజిలే కొన్నారు, మేమూ అంతే. ఇప్పుడు మీటరు లక్షా ఇరవై వేలు దాటింది. నేను టీచర్ని. ఇల్లు సత్రంపాడులో, స్కూలు ఊరికి ఆ చివర. నెలకో రెండు నెలలకో హైదరాబాద్‌లో ఉన్న అమ్మాయి దగ్గరికి, మధ్యమధ్యలో భీమవరంలో పెళ్లిళ్లకి, కైకలూరు అవతల మా అత్తగారి ఊరికి వెళ్తుంటాం. ఏడాదికి ఎనిమిది తొమ్మిది వేల కిలోమీటర్లు తిరిగితే గొప్ప.

మారుతి బండే అయినా ఇంజిన్ మాత్రం ఫియట్ వాళ్లది. 1.3 లీటర్ల మల్టీజెట్‌ని లైసెన్స్ మీద ఇక్కడే తయారుచేసి మారుతి డీడీఐఎస్ అని పేరు పెట్టుకుంది. ఇదే ఇంజిన్ టాటా ఇండికా విస్టాలో క్వాడ్రాజెట్ పేరుతో వచ్చింది, ఫియట్ పుంటోలోనూ ఉంది. ఇన్ని కంపెనీలు వాడాయి కాబట్టే బండ్ల పిచ్చి ఉన్నవాళ్లు దీన్ని మన దేశపు జాతీయ ఇంజిన్ అంటుంటారు. 1248 సీసీ, 75 పీఎస్ పవర్, 190 ఎన్‌ఎం టార్క్ (లాగే బలం). టైమింగ్ బెల్టు బదులు చైను ఉంటుంది కాబట్టి ఇన్నివేల కిలోమీటర్లకి బెల్టు మార్చాలన్న టెన్షన్ లేదు.

దీనితో కాపురం ఎలా ఉంటుందంటే, రెండు వేల ఆర్‌పీఎం లోపు బండిలో చలనం ఉండదు. ఫైర్ స్టేషన్ సెంటర్లో సిగ్నల్ పడ్డాక సెకండ్ గేర్లో లాగుదామంటే మూలుగుతుంది, వెనక ఆటోవాడు హారన్ మోగిస్తాడు. మళ్లీ ఫస్ట్ వేయాల్సిందే. రెండు వేలు దాటిందా, టర్బో అందుకుంటుంది, ఇక ఆపడమే కష్టం. హైవే మీద ఐదో గేర్లో తొంభైకి చేరాక ఐదుగురు మనుషులూ డిక్కీ నిండా సామానూ ఉన్నా ఏసీ తగ్గించాల్సిన పని లేదు. కంపెనీ చెప్పిన మైలేజీ 23.4. నాకు ఊళ్లో పదిహేను, పదహారు, హైవే మీద ఇరవై ఒకటి దాకా వస్తోంది. ఇంత వయసొచ్చాక అంతకన్నా ఏమడుగుతాం!

రిపేర్లూ పెద్దగా లేవు. క్లచ్ సెట్టు ఒకసారి మార్చాం. లోయర్ ఆర్మ్ బుష్‌లు గుంతల పుణ్యమా అని రెండుసార్లు. హెడ్‌లైట్లు పచ్చబడితే పాలిష్ కొట్టించాను. మొన్న మా మెకానిక్ ఇంజిన్ ఆన్‌లో ఉండగానే ఆయిల్ పోసే మూత తీసి, ఆ కన్నం మీద అరచెయ్యి పెట్టి, మళ్లీ మూతని బిగించకుండా ఊరికే ఉంచి చూశాడు. ఇంజిన్ అరిగితే లోపలి గాలి అలా వెనక్కి తన్నుతుంది, దాన్నే బ్యాక్ కంప్రెషన్ అంటారు. పొగ తన్నుకు రాలేదు, మూత ఎగిరిపడలేదు. "బ్యాక్ కంప్రెషన్ అస్సలు లేదండి మేడమ్ గారూ, ఇంకో లక్ష తిరుగుద్దండి" అన్నాడు. పాత డీజిల్ బండి కొనేవాళ్లు ముందు చేయించాల్సిన పరీక్ష ఇదే, పైసా ఖర్చు లేదు.

మరి దేనికి మార్చడం? పదేళ్లు దాటిన డీజిల్ బండ్లని తీసేస్తారట అని మా అపార్ట్‌మెంట్‌లో ఒకటే గోల. ఆ పదేళ్ల గొడవ ఢిల్లీ చుట్టుపక్కలది. మన దగ్గర సొంత కారుకి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు, ఆ తర్వాత ఫిట్‌నెస్ చేయించుకుంటే ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు. 2022 ఏప్రిల్ నుంచి ఆ రెన్యువల్ ఫీజు ఆరువందల నుంచి ఐదు వేలకి పెంచారు, అది నిజమే. నా ఆర్‌సీకి 2028 దాకా ఢోకా లేదు.

అసలు కారణం ఎయిర్‌బ్యాగులు. నా వీడీఐలో అవి లేవు. ఆ రోజుల్లో పై మోడల్ జెడ్‌డీఐకే ఇచ్చేవాళ్లు. లక్ష మిగిలిందని అప్పుడు అందరం సంబరపడ్డాం. ఇదే తరం స్విఫ్ట్‌లో ఎయిర్‌బ్యాగులు లేని రకాన్ని 2014లో, కార్ల భద్రతని పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు గోడకి కొట్టించి చూస్తే ఒక్క స్టారూ రాలేదు. అన్న బండి ఆ తీరైతే తమ్ముడి మీద నాకేం నమ్మకం ఉంటుంది? సీటు కవర్లు మార్చినట్టు ఎయిర్‌బ్యాగులు తర్వాత పెట్టించుకునేవి కావు. ఇన్నాళ్లూ నేనూ మా వారే నడిపాం. ఇప్పుడు అమ్మాయి నడుపుతోంది, సూర్యాపేట దాటాక ఎంత స్పీడు పోతుందో నాకు తెలుసు.

సరే, మార్చడం ఖాయం. దేనికి మార్చాలన్న దగ్గర ఇంట్లో తలో మాట.

మా తమ్ముడు హైదరాబాద్ నుంచి ఢిల్లీ బండ్ల ఫొటోలు పంపుతూనే ఉన్నాడు. అక్కడ పదేళ్ల భయంతో చవగ్గా వదిలించుకుంటారన్న మాట నిజమే. కానీ అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ లైఫ్ టాక్స్ మళ్లీ కట్టాలి, రీరిజిస్ట్రేషన్ అయ్యేదాకా తిరగాలి. ఇవన్నీ కలిపి లెక్కేస్తే చవక కాస్తా కరిగిపోతుంది. అక్కడే వద్దన్నాను.

కొత్తరకం బీఎస్6 (కొత్త పొగ నిబంధనల ప్రకారం చేసిన) డీజిల్ నాకు పనికిరాదు. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన నెక్సాన్, వెన్యూ లాంటి వాటి డీజిల్ మోడల్స్‌లో పొగ గొట్టం దారిలో డీపీఎఫ్ అని ఫిల్టర్ ఉంటుంది. మసిని పట్టి ఉంచి, తర్వాత బాగా వేడెక్కించి కాల్చేస్తుంది. అలా కాలాలంటే బండి హైవే మీద పదిహేను, ఇరవై నిమిషాలు నిలకడగా పరిగెత్తాలి. ఇంటి నుంచి స్కూలుకి, స్కూలు నుంచి రైతు బజారుకి తిరిగే నా బండిలో ఆ పని సగంలో ఆగిపోతుంటుంది. ఆగినప్పుడల్లా అందుకోసం అదనంగా కొట్టిన డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్లో కలుస్తుంది. ఆయిల్ లెవెల్ తగ్గకుండా పెరుగుతోందంటే అదే సంగతి. రోజూ ఏలూరు నుంచి విజయవాడ వెళ్లొచ్చేవాళ్లకైతే ఆ బండ్లు బ్రహ్మాండం.

మా వారిది పెట్రోలు పాట. డబ్బుల లెక్కలో ఆయనదే పైచేయి. మేం లెక్కేసినప్పుడు మన దగ్గర డీజిల్ 97 రూపాయల పైన, పెట్రోలు 109. డిజైర్‌కి సగటున పద్దెనిమిది వేసుకుంటే కిలోమీటరుకి 5 రూపాయల 40 పైసలు. పెట్రోలు బాలెనో పదిహేను ఇచ్చినా 7 రూపాయల పావలా. నా వాడకానికి ఏడాది మొత్తం మీద తేడా పదిహేడు వేలకి మించదు. డీజిల్ బండికి లక్ష ఎక్కువ పెడితే అది తిరిగి రావడానికి ఆరేళ్లు. మరి పెట్రోలు బాలెనో ఎందుకు కాదంటే, మా అత్తగారి ఊరి రోడ్డు. చేపల లారీలు తిరిగీ తిరిగీ, వాటి నీళ్లు కారీ కారీ ఆ రోడ్డు మధ్యలో గట్టు లేచింది. డిజైర్ అడుగు రాసుకోకుండా ఆ ఊరు చేరిన రోజు లేదు. బాలెనోకీ డిజైర్‌కీ గ్రౌండ్ క్లియరెన్స్ ఒకటే, 170 మిల్లీమీటర్లు. బ్రెజాకి 198.

అలా 2018 మధ్య నుంచి 2020 మొదలు దాకా వచ్చిన విటారా బ్రెజా డీజిల్ దగ్గర ఆగాను. నా దృష్టిలో ఏలూరు లాంటి ఊరికి ఇంతకన్నా సరైన పాత బండి లేదు. బానెట్ ఎత్తితే ఉండేది అదే 1.3 ఇంజిన్, కాకపోతే 90 పీఎస్, 200 ఎన్‌ఎంకి పెంచింది. టార్క్ 1750 దగ్గరే అందుతుంది కాబట్టి సిగ్నల్ దగ్గర ఆ మూలుగు బాగా తగ్గింది. మా మెకానిక్‌కి కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ లేదు. బీఎస్4 కాబట్టి డీపీఎఫ్ లేదు. 2018 మే నుంచి అన్ని రకాల్లోనూ ముందు రెండు ఎయిర్‌బ్యాగులు, గట్టిగా బ్రేకు కొట్టినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఇచ్చారు. గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో నాలుగు స్టార్లు. 2019 బండికి 2034 దాకా రిజిస్ట్రేషన్. నచ్చనివీ ఉన్నాయి. వెనక సీటు డిజైర్‌లో ఉన్నంత మెత్తగా లేదు, గుంతల్లో కాస్త ఎగరేస్తుంది, ఇంజిన్ చప్పుడు లోపలికి డిజైర్‌లో లాగానే వినపడుతుంది.

మొదట చూసింది విజయవాడలో ఒక యార్డులో. నలభై వేలే తిరిగిందన్నారు, ధర కూడా మిగతావాటికన్నా బాగా తక్కువ. డోరు తీయగానే అగరుబత్తి ఫ్యాక్టరీలోకి అడుగుపెట్టినట్టు సెంటు వాసన. 2024 సెప్టెంబర్ వరదలో బుడమేరు సింగ్‌నగర్ వైపు ఎన్ని కార్లని ముంచిందో తెలిసిందే, మా మెకానిక్ మొహం అక్కడే మారింది. డ్రైవర్ సీటు బెల్టుని చివరికంటా లాగాడు. మామూలుగా బయటకి కనపడే ముక్క నల్లగా మెరుస్తోంది. చుట్టలో లోపలెక్కడో ఉండే ఆఖరి జానెడూ ఎండిన బురద రంగులో, అంచు గీసినట్టు స్పష్టంగా ఉంది. సీటు కింద పట్టాలకి తుప్పు. స్టెప్నీ గుంతలో వేలు పెట్టి తీస్తే సన్నటి ఒండ్రు. "సింగ్‌నగర్ బండి కాదండి, బెంజ్ సర్కిల్‌ది" అన్నాడు యార్డు కుర్రాడు, మేమేమీ అడగకుండానే. సీట్లకి షాంపూ పట్టిస్తారు, మీటరు వెనక్కి తిప్పుతారు, కానీ బెల్టు చుట్ట విప్పి కడిగే ఓపిక ఎవరికీ ఉండదు. విజయవాడలోనే కాదు, మున్నేరు పొంగిన ఖమ్మంలో బండి చూసినా ఈ బెల్టు పరీక్ష చేయండి.

రెండోది భీమవరంలో ఒక డాక్టర్ గారిది. 2019 బండి, సింగిల్ ఓనర్, అరవై రెండు వేలు. సర్వీసు చిట్టా మొత్తం షోరూమ్‌లో దొరికింది, మీటరుతో సరిపోయింది. బానెట్ బోల్టుల మీద స్పానర్ పడిన గుర్తులు లేవు, అంటే గుద్దుకుని విప్పిన బండిలా లేదు. టైర్ల మీద ఆఖరి నాలుగంకెలు 2322, అంటే 2022లో ఇరవై మూడో వారం, కాబట్టి టైర్లు త్వరలో మార్చాలి. పొద్దున్నే వస్తాం, మేమొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పాం. చల్లటి ఇంజిన్ ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది, తెల్లపొగ లేదు. ఆయన ఏడు లక్షల పాతిక అన్నారు. 2025 సెప్టెంబర్ 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, కొత్తవే తగ్గాక పాతవాటికి నిరుటి రేట్లు ఎక్కడివి అని మా వారు పట్టుబట్టి ఆరు లక్షల డెబ్బైకి దింపారు. బేరం నా వల్ల అయ్యే పని కాదు.

టోకెన్ ఇచ్చాం. ఆర్‌సీ మీద ఇంకా బ్యాంకు పేరు ఉంది. ఆయన బ్యాంకు ఎన్‌ఓసీ తెచ్చి, ఫారం 35తో అది తీయించాకే మిగతా డబ్బు. నా డిజైర్ ఇన్సూరెన్స్ మీద ఉన్న నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకి వచ్చే తగ్గింపు) బండిది కాదు, నాది. ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర లెటర్ తీసుకుంటే బ్రెజా ప్రీమియంలో తగ్గుతుంది. చాలామంది ఇది వదిలేస్తారు.

డిజైర్‌కి యార్డుల్లో లక్షా ఎనభై దాటి పలకలేదు. రెండు లక్షల పదికి తనే తీసుకుంటానని మా మెకానిక్ ముందుకొచ్చాడు. ఇంకో లక్ష తిరుగుతుందని ఊరికే అనలేదన్నమాట! బేరం ఒప్పుకున్నాను కానీ, ఆర్‌సీలో ఎవరి పేరుంటే ప్రమాదం జరిగినప్పుడు బాధ్యత వాళ్లదేనని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది కాబట్టి, ఫారం 29, 30 మీద సంతకాలయ్యి ఆర్‌సీ అతని పేరు మీదికి మారాకే తాళాలిస్తానన్నాను. "అలాగేనండి, ఈలోపు ఆయిల్ మార్పించకండి, నేనే మార్చుకుంటాను" అన్నాడు.