కిటికీ తెరుచుకునే గది: జపాన్‌లో బండివాళ్ల పాటల వెంట

టోక్యోలో మొదటి మూడు రాత్రులు షింజుకులో 18వ అంతస్తులో దిగాం. గది శుభ్రంగా ఉంది, స్టేషన్ దగ్గర, టిఫిన్‌కీ వంక పెట్టలేం. కానీ కిటికీ తెరుచుకోదు. నేను అంత దూరం వెళ్లిందే తిండి బండ్ల పిలుపులు వినడానికి. అద్దాల పెట్టెలో కూర్చుంటే ఏం వినపడుతుంది?

నాలుగో రోజు నిప్పోరి స్టేషన్ పక్కనున్న యానకాకి మారాం. ఇరుకు సందులు, గుళ్లు, చెక్క ఇళ్లు. మేం దిగిన ఇంట్లో మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉన్నాయి, బాత్రూమ్ అందరికీ ఒకటే. పైగా డిసెంబరు చలి. ఆ రాత్రి మా ఆవిడ నాతో మాట్లాడలేదు.

మర్నాడు సాయంత్రం సందులోంచి సన్నగా రెండు స్వరాలు వినిపించాయి. టోఫు బండి! సోయా పాలతో చేసే పనీర్ లాంటిదే టోఫు. చెప్పులు తొడుక్కుని పరిగెత్తాను, మలుపులో దొరికాడు. చేతిలో చిన్న ఇత్తడి బూర. ఊదితే ఒక స్వరం, గాలి లోపలికి పీలిస్తే ఇంకోటి. ఆ రెండూ కలిసి అక్కడివాళ్ల చెవికి 'తో-ఫు' అన్నట్టే ఉంటాయట. నా ముందున్న పెద్దావిడ ఇంటి నుంచి గిన్నె తెచ్చుకుంది. నాకు డబ్బాలో పెట్టిచ్చాడు. చేపల రసం కలిసిందేమో అని ప్రతి పూటా టెన్షన్ పడే మాలాంటి శాకాహారులకి ఆ చల్లటి టోఫు మీద రెండు చుక్కల సోయా సాస్ చాలు, ప్రాణం లేచొచ్చింది.

రాత్రి చిలగడదుంపల బండి వచ్చింది. బుల్లి ట్రక్కు, వెనకాల పొయ్యి, అందులో వేడెక్కిన గులకరాళ్ల మధ్య దుంపలు. "ఇషీ యాకీ ఇమో..." అని రికార్డు పాట సాగదీస్తూ వస్తుంది. ఇషీ అంటే రాయి, యాకీ కాల్చిన, ఇమో దుంప. నా దగ్గర పదివేల యెన్‌ల నోటు తప్ప లేదు, కార్డు తీసుకోడు. చిల్లర తెచ్చేలోగా పాట రెండు వీధులు దాటేసింది. మర్నాడు దొరికాడు, ఒక్క దుంప 700 యెన్‌లు! సూపర్ మార్కెట్‌లో సగం ధరకే వస్తుంది. అయినా బండి దగ్గరే కొనండి, పొట్టు తీస్తుంటే తేనెలా కారుతుంది.

దుంపలకి పేరున్న ఊరు కదా అని కవగోయే కూడా వెళ్లాం. ఇకెబుకురో నుంచి తోబు లైన్‌లో అరగంట. అక్కడి గంటస్తంభం రోజుకి నాలుగుసార్లు మోగుతుంది. 1996లో జపాన్ ప్రభుత్వం ఎంపిక చేసిన 100 శబ్దాల్లో అదొకటి. మధ్యాహ్నం మూడింటి గంట కోసం నిలబడ్డాం, బాగుంది. మిగతాదంతా దుంప ఐస్‌క్రీమ్, దుంప చిప్స్, వాటి ముందు క్యూలు. కేకేసి అమ్మే బండి ఒక్కటీ కనపడలేదు. ఒక పూట చాలు.

దొరకనిది చారుమెరా. పాతకాలం రామెన్ (వేడి సూప్‌లో వేసిచ్చే నూడుల్స్) బండివాళ్ల వాద్యం, మన సన్నాయికి చుట్టమే, దానికీ జంట పీకలే. ఫుకువోకా అనే ఇంకో నగరంలో, నకసు దగ్గర నది గట్టున బండ్ల వరసలో వెతికాను. బండ్లు ఉన్నాయి, చారుమెరా లేదు. సైగలతో అడిగితే ఒక బండాయన నవ్వి, నూడుల్స్ వార్చే జల్లెడ పక్కన పెట్టి ఈల వేశాడు: ప ద నీ ద ప, ప ద ని ద ప దా. మళ్లీ జల్లెడ అందుకున్నాడు.