వార్ఫరిన్‌తో నెలనెలా పరీక్షలా, పరీక్ష లేని కొత్త మాత్రలా: ఏది మేలు?

గుండె లయ తప్పింది, రక్తం పల్చబడే మాత్ర వాడాలి అని డాక్టర్ చెప్పగానే ఇంట్లో మొదలయ్యే చర్చ ఒకటే, పాతదా కొత్తదా అని. పాతదంటే వార్ఫరిన్. 1954 నుంచి మనుషులకు వాడుతున్నారు, అంతకుముందు అది ఎలుకల మందు (ఈ ముక్క మా అమ్మకి చెప్పి తప్పు చేశాను, వారం రోజులు ఆ మాత్రని అనుమానంగా చూసింది). కొత్తవంటే గుండె లయ సమస్యకి 2010 నుంచి వాడుకలోకి వచ్చిన డాబిగట్రాన్, రివరాక్సబాన్, అపిక్సాబాన్. అన్నట్టు, వీటిలో ఏదీ రక్తాన్ని నీళ్లలా చేసేయదు, గడ్డ కట్టకుండా అడ్డుపడుతుంది, అంతే.

ముందే ఒక మాట. గుండెలో మెకానికల్ వాల్వ్ (కృత్రిమ కవాటం) వేయించుకున్నవాళ్లకి ఈ పోలికే అనవసరం, వాళ్లకి వార్ఫరినే. డాబిగట్రాన్‌ని అలాంటి రోగుల్లో పరీక్షించి చూస్తే గడ్డలూ, రక్తస్రావమూ రెండూ ఎక్కువయ్యాయి, ఆ పరీక్షనే మధ్యలో ఆపేశారు. రుమాటిక్ జ్వరం వల్ల గుండెలోని మైట్రల్ వాల్వ్ అనే కవాటం బాగా సన్నబడినవాళ్లదీ ఇదే దారి.

ఇక వార్ఫరిన్ సంగతి. అమ్మ నాలుగేళ్లు వాడింది, దగ్గరుండి చూసింది నేనే. గుండె లయ సమస్యకి వాడేటప్పుడు ఐఎన్ఆర్ అనే (రక్తం గడ్డ కట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే) రక్తపరీక్ష ఫలితం మామూలుగా 2కీ 3కీ మధ్య ఉండాలి, తగ్గితే గడ్డ భయం, బాగా పెరిగితే రక్తస్రావం భయం. చిన్న నోట్‌బుక్‌లో తేదీ, ఐఎన్ఆర్, డోసు రాసేవాళ్లం. 2.4, 2.6, 2.3 అని బుద్ధిగా నడుస్తూ ఒకసారి 5.1కి ఎగిరింది. ఏమైందంటే, పంటి వాపుకి ఐదు రోజులు మెట్రోనిడజోల్ అనే యాంటీబయోటిక్ వాడింది, అది వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచేస్తుంది, వార్ఫరిన్ సంగతి పళ్ల డాక్టర్‌కి మేం చెప్పలేదు, ఆయనా అడగలేదు. బ్రష్ చేసుకుంటే నురగ గులాబీ రంగులో వచ్చింది, ఏ దెబ్బా తగలకుండానే మోచేతి పక్కన నల్లగా కమిలింది. అదృష్టం బాగుండి వెంటనే పరీక్ష చేయించాం, డాక్టర్ రెండు డోసులు ఆపించి మూడో రోజు మళ్లీ చూస్తే దిగింది.

ఆకుకూరలు మానేయాలా అని అందరూ అడుగుతారు. అక్కర్లేదు. వాటిలోని విటమిన్ కె వార్ఫరిన్‌కి ఎదురు పనిచేస్తుంది, నిజమే, కానీ ఇబ్బంది తినడం వల్ల కాదు, ఒక వారం అసలు తినకుండా మరో వారం రోజూ తినడం వల్ల. ఎప్పుడూ తినేంత తింటే డోసు దానికి తగ్గట్టే కుదురుతుంది.

కొత్త మాత్రల్లో ఈ గొడవ లేదు. డోసు స్థిరం, ఐఎన్ఆర్ అక్కర్లేదు, పైగా మెదడులో రక్తస్రావం వార్ఫరిన్‌తో పోలిస్తే తక్కువ. 18 వేల మందికి పైగా రోగులతో చేసి 2011లో ప్రకటించిన అధ్యయనంలో అపిక్సాబాన్ వాడినవాళ్లకి పక్షవాతమూ, పెద్ద రక్తస్రావాలూ రెండూ తగ్గాయి. ఇంత విన్నాక ఎవరైనా కొత్తదే అంటారు, నేనూ అన్నాను.

కానీ "పరీక్షలే ఉండవు" అన్న మాట నమ్మొద్దు. ఇవి కొంతవరకైనా కిడ్నీల ద్వారా పోతాయి, డాబిగట్రాన్ అయితే ఎక్కువ భాగం, అందుకని ఏడాదికి ఒక్కసారైనా క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడాలి, వయసు పైబడినా కిడ్నీలు కాస్త బలహీనంగా ఉన్నా ఇంకా తరచుగా చూడాలి. అపిక్సాబాన్ మామూలు డోసు రోజుకి రెండుసార్లు 5 మిల్లీగ్రాములు. వయసు 80 లేదా అంతకు మించి, బరువు 60 కిలోలు లేదా అంతకు తక్కువ, క్రియాటినిన్ 1.5 లేదా అంతకు ఎక్కువ, ఈ మూడింటిలో ఏ రెండు ఉన్నా డాక్టర్లు దాన్ని 2.5కి దించుతారు. అంటే అమ్మ బరువు కూడా ఇప్పుడు మాకు ఒక మెడికల్ రిపోర్టే.

అసలు చిక్కు మరొకటి ఉంది. వార్ఫరిన్ ప్రభావం రోజుల తరబడి మెల్లగా తగ్గుతుంది, ఒక పూట మర్చిపోయినా కొంత నిలుస్తుంది, నాలుగు పూటలు ఎగ్గొడితే ఐఎన్ఆర్ పట్టించేస్తుంది. అపిక్సాబాన్ ప్రభావం అలా నిలవదు, ఒంట్లో మందు సుమారు 12 గంటల్లో సగానికి పడిపోతుంది, ఎగ్గొట్టినా ఏ మామూలు రిపోర్టులోనూ కనబడదు. మర్చిపోతే అదే రోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోవాలి, తర్వాత రెండూ కలిపి మాత్రం వేసుకోకూడదు. గుండె లయకి ఇచ్చే రివరాక్సబాన్ భోజనంతోనే వేసుకోవాలి, ఖాళీ కడుపున వేసుకుంటే ఒంటికి సరిగ్గా పట్టదు. డాబిగట్రాన్ క్యాప్సూల్‌ని విప్పి పొడి వేసుకోకూడదు, కొందరికి కడుపులో మంట కూడా తెస్తుంది.

ఏది వాడినా ఒళ్లు నొప్పులకి సొంతంగా ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ జోలికి వెళ్లొద్దు. నల్లటి విరేచనం అయినా, తలకి గట్టి దెబ్బ తగిలినా మర్నాటిదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. చిన్న చిన్న కమిలిన మచ్చలు చూసి భయపడి మాత్ర ఆపేయడం కూడా ప్రమాదమే, డాక్టర్‌ని అడగకుండా ఆపొద్దు.

నా ఓటు: వాల్వ్ గొడవ లేకుండా, కిడ్నీలు బాగుండి, వేళకి మాత్ర వేసుకునేవాళ్లకి అపిక్సాబాన్. తరచూ మర్చిపోయేవాళ్లకి ఏదైనా కష్టమే, కాకపోతే వార్ఫరిన్‌లో ఆ సంగతి బయటపడుతుంది. వార్ఫరిన్ మీద ఏళ్ల తరబడి ఐఎన్ఆర్ కుదురుగా ఉన్నవాళ్లు ఎవరో చెప్పారని తొందరపడి మారక్కర్లేదు, డాక్టర్‌తో మాట్లాడి చూసుకోవచ్చు.

మారేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి, ఆ రాత్రికి ఇది మానేసి అది మొదలుపెట్టడం కాదు. వార్ఫరిన్ ఆపి, ఐఎన్ఆర్ 2 కంటే కిందకి దిగాకే అపిక్సాబాన్. అమ్మకి నాలుగు రోజులు పట్టింది. మిగిలిన వార్ఫరిన్ స్ట్రిప్ "పనికొస్తుందేమో" అని ఆవిడ మందుల డబ్బాలోనే ఉంచింది, నేను తీసేశాను.