ఆర్వీలో స్టార్‌లింక్ మినీ: ఆకాశం కనిపిస్తే చాలు

అమెరికాలో ఆర్వీ (లోపలే ఉండటానికి వీలున్న ఇల్లులాంటి బండి) వేసుకుని తిరుగుతూ మధ్యలో ఆఫీసు పని కూడా చేసుకోవాలంటే, శాటిలైట్ల నుంచి ఇంటర్నెట్ అందించే చిన్న డిష్ స్టార్‌లింక్ మినీ కొనచ్చు, కానీ ఫోన్ హాట్‌స్పాట్ ప్లాన్ మాత్రం తీసేయకండి.

మేము యూటాలో మోయాబ్ నుంచి ఎస్కలాంటే వైపు వెళ్లాం. హైవే 12 మీద ఎర్ర కొండల మధ్యకి వెళ్లాక ఫోన్‌లో సిగ్నల్ పేరుకి కూడా లేదు. బూస్టర్ ఉంటే సరిపోతుందని కొందరు అంటారు గానీ, అది ఉన్న సిగ్నల్‌ని పెంచుతుంది తప్ప లేనిదాన్ని ఎక్కణ్ణుంచి తెస్తుంది? మినీని బయట పెట్టాక మా ఆవిడ వీడియో మీటింగ్ ఎక్కడా ఆగలేదు, పిల్లల కార్టూన్లూ ఆగలేదు, విజయవాడలో ఉన్న అమ్మకి వీడియో కాల్ చేస్తే "అడవిలో ఉన్నామన్నావు, ఇంత క్లియర్‌గా ఉందేంట్రా" అంది.

బరువు కిలో చిల్లర. రౌటర్ లోపలే ఉంటుంది.

చిక్కల్లా చెట్లతోనే. శాటిలైట్లు కదులుతూ ఉంటాయి కాబట్టి ఆకాశం బాగా తెరుచుకుని కనిపించాలి, ఉత్తర కాలిఫోర్నియా రెడ్‌వుడ్ అడవుల్లాంటి చోట ఏ శాటిలైట్ ఇంటర్నెట్ అయినా తెగుతూ తగులుతూనే ఉంటుంది. ఫోన్ హాట్‌స్పాట్ ఉంచుకోమన్నది ఇలాంటి చోట్ల కోసమే. ఎండాకాలంలో మనకేమో బండి నీడలో ఉండాలి, దీనికేమో నీడ పడదు! అందుకే దీన్ని పైకప్పుకి బిగించొద్దని నా సలహా. దాంతోపాటు వచ్చే కేబుల్ 15 మీటర్లు ఉంటుంది, బండిని చెట్టు కింద ఆపి దీన్ని ఎండలో పెట్టుకోవచ్చు, రాత్రికి మాత్రం లోపలికి తెచ్చేసుకోండి. ఎక్కడ పెట్టాలో యాప్‌లో కెమెరాతో ఆకాశాన్ని చూపిస్తే చెప్తుంది.

క్యాంప్‌గ్రౌండ్ వైఫై ఉందిగా అంటారా? మేము దిగిన ఒకచోట ఆఫీసు గది ముందు నిలబడితేనే వచ్చేది, సాయంత్రం అందరూ సినిమాలు పెట్టుకునే టైంకి అదీ పోయేది. అయినా సరే, ఊళ్లకి దగ్గర్లో వారాంతాలు గడిపి వచ్చేసేవాళ్లకి ఈ ఖర్చు దండగ, ఫోన్ చాలు.

కరెంటు గురించి టెన్షన్ పడక్కర్లేదు. మామూలుగా 25 నుంచి 40 వాట్లు లాగుతుంది, 100 ఆంప్ అవర్ల లిథియం బ్యాటరీ ఉంటే పది గంటలు నడిపినా పావు వంతు పైన కొంచెం ఖర్చవుతుంది. యూఎస్‌బీ-సి మీద నడపాలంటే 100 వాట్ల చార్జరు, దానికి తగ్గ కేబుల్ కావాలి. మామూలు ఫోన్ చార్జరు పెట్టి, ఆన్ అవ్వట్లేదని వాపస్ పంపేయకండి.